‘లాస్ట్ ఎంత?’ మహాశయులతో వేగేదెలా?

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు పెద్దలు. వాళ్లకు ఆన్‌లైన్ సంత తెలియదు కాబట్టి అక్కడితో ఆగారు. ఇప్పుడైతే అడవిలో పక్షుల గోల కూడా కలిపి చెప్పేవాళ్లు. ఇంట్లో పదేళ్లు నమ్మకంగా తిరిగిన స్కూటరో, పిల్లలు పెద్దవాళ్లై ఇరుకైపోయిన చిన్న కారో అమ్ముదామని నాలుగు ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టి చూడండి. పది నిమిషాల్లో ఫోన్ మోగడం మొదలవుతుంది. మోగుతూనే ఉంటుంది. బండి మాత్రం సెల్లార్లోంచి కదలదు!

పాత రోజుల్లో పశువుల సంతకు వెళ్లిన రైతు పొద్దుటే ఎద్దుల్ని కట్టేసేవాడు. కొనేవాడు వచ్చి పళ్లు చూసేవాడు, నడిపించి చూసేవాడు. తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని బేరం కుదుర్చుకునేవారు. సాయంత్రానికి అయితే అయింది, లేకుంటే లేదు. సంతకు వచ్చేవాడికి దారి ఖర్చులు అయ్యేవి కాబట్టి ఊరికే పలకరించి పోయేవాళ్లు తక్కువ. ఆన్‌లైన్‌లో పలకరింపుకు పైసా ఖర్చు లేదు. బస్టాపులో నిలబడ్డవాడు, నిద్రపట్టనివాడు, కొత్త ఫోన్ కొన్నవాడు... అందరూ అడిగేవాళ్లే. వీళ్లలోంచి నిజంగా కొనే ఆ ఒక్కరినీ వెతికి పట్టుకోవడమే అమ్మేవాళ్లకు పెద్ద పరీక్ష.

ఎన్ని రకాలో!

మొదటి రకం ‘ఉందా’ గారు. ‘బండి ఉందా?’ అని మెసేజ్ పెడతారు. ‘ఉందండీ’ అని జవాబిస్తే ఇక అంతే, మళ్లీ కనబడరు. కోపం తెచ్చుకోకండి, ఈయన వల్ల పోయేది ఒక్క నిమిషమే.

రెండో రకం ‘లాస్ట్ ఎంత’ గారు. బండి రంగు చూడరు, ఏ సంవత్సరమో చదవరు. ‘బ్రదర్, లాస్ట్ ఎంత?’ అంటారు. అంకె చెప్పారో, దాన్ని చేతిలో పెట్టుకుని మరో పదిమందిని అడుగుతారు. వచ్చినప్పుడు కూడా బేరం ఆ అంకె నుంచే కిందికి మొదలవుతుంది.

మూడో రకం మార్పిడి గారు. మీరు కారు అమ్ముతుంటే తన బుల్లెట్టూ, పైన కొంత సొమ్మూ ఇస్తానంటారు. స్కూటర్ అమ్ముతుంటే ల్యాప్‌టాప్ ఇస్తానంటారు.

నాలుగో రకం ఆదివారం విహారి. ఫ్రెండ్స్‌ని వెంటేసుకుని వస్తారు. బండి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేస్తారు. ఒక రౌండు వేస్తారు. మీ ఇంట్లో మంచినీళ్లో, టీయో తాగుతారు. ‘ఇంట్లో అడిగి చెప్తాం అంకుల్’ అని వెళ్లిపోతారు.

ఐదో రకం ‘రేపు’ గారు. ‘నాకే ఇవ్వాలి, ఎవ్వరికీ ఇవ్వొద్దు, రేపు డబ్బులతో వస్తా’ అంటారు. ఆ మాట నమ్మి మీరు మిగతావాళ్లను పంపించేస్తారు. రేపు మాత్రం రాదు. అందరికంటే ఖరీదైనవారు ఈయనే.

ఆరో రకం ముసుగు దళారీ. ‘మా చెల్లికి కావాలి’ అంటూ వస్తారు. గీతలు, సొట్టలు లెక్కపెడతారు. మార్కెట్ పడిపోయిందని, ఈ మోడల్ ఎవరూ కొనడం లేదని ఓ అరగంట దిగులు పుట్టిస్తారు. వ్యాపారం చేసుకోవడం తప్పేం కాదు. కానీ ఆ దిగులు ఉచితంగా పంచేది మీ ధర తగ్గించడానికే.

ఇక ఏడో రకం మోసగాడు. ఈయన సంగతి వేరే. కాస్త ఆగి చూద్దాం.

సగం గోల మన ప్రకటనలోనే

ఫోన్లు చేసి విసిగించేవాళ్లను తిట్టుకునే ముందు మన ప్రకటన ఒకసారి చదువుకోవాలి. ‘బండి గుడ్ కండిషన్, ధర మాట్లాడుకుందాం, ఫోన్ చేయండి’ అని రాస్తే ఏమవుతుంది? వివరాలన్నీ ఫోన్లోనే చెప్పాలి. ఒక్కో సంగతీ ముప్పైమందికి ముప్పైసార్లు! పైగా, ‘ధర మాట్లాడుకుందాం’ అన్న ముక్క ‘లాస్ట్ ఎంత’ గారికి పంపిన శుభలేఖే.

ప్రకటనలో ఇవి ఉంటే సగం ఫోన్లు వాటంతటవే తగ్గుతాయి: మోడల్, తయారైన సంవత్సరం, రిజిస్ట్రేషన్ అయిన నెల, తిరిగిన కిలోమీటర్లు, ఎన్నో ఓనరు, బీమా ఎప్పటివరకు ఉంది, ఫైనాన్స్ తీరిందా లేదా, చలాన్లు కట్టేశారా, టైర్లూ బ్యాటరీ ఎప్పుడు మార్చారు, చూడటానికి ఏ ఏరియాకి ఏ వేళల్లో రావాలి. చివర్లో ‘మార్పిడికి ఇవ్వం’ అని ఒక్క ముక్క.

మరో ముఖ్యమైన సంగతి, బండి ఏ రాష్ట్రంలో రిజిస్టరైంది అన్నది. విజయవాడలో కొన్న కారును హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ అమ్ముతున్నారనుకోండి. కొన్నవాళ్లు తెలంగాణకు మార్పించుకోవాలంటే ఎన్‌వోసీ తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఈ సంగతి బేరమంతా అయ్యాక బయటపడితే వచ్చినవాళ్లు వెనుదిరుగుతారు. పోయింది వాళ్ల పూటా, మీ పూటా. అలాగే సొంత వాహనాలకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. గడువు దగ్గర పడితే దాచకుండా రాయడమే మేలు.

లోపాలు కూడా రాయాలి. కుడివైపు తలుపు మీద గీత ఉందా? ఫొటో తీసి పెట్టండి. సెల్ఫ్ పనిచేయడం లేదా? చెప్పండి. ‘చెబితే ఎవరొస్తారు?’ అనిపిస్తుంది నిజమే. చెప్పకపోతే పదిమంది వచ్చి, ఆ లోపం చూసి, పదిసార్లు బేరం తెగ్గొట్టి వెళ్తారు. చెబితే ముగ్గురే వస్తారు. కానీ ఆ ముగ్గురూ ఆ లోపానికి సిద్ధపడి వస్తారు. ఇంతకీ కొనేది ఒక్కరే కదా!

ఫొటోలు పగటి వెలుగులో, బండి కడిగాక తీయాలి. ముందు, వెనుక, రెండు పక్కలు, మీటరు, టైర్లు, సీట్లు చాలు. ఆర్సీ ఫొటోగానీ, ఆధార్ ఫొటోగానీ పెట్టకండి, చాటింగ్‌లో ఎవరడిగినా పంపకండి. ఆ కాగితాలు చూపించి మీ బండిని తమదిగా నమ్మించి ఇంకెవరి దగ్గరో అడ్వాన్సు గుంజేవాళ్లున్నారు.

ధరకు ఒక నేల ఉండాలి

అదే మోడల్, అదే సంవత్సరం బండ్ల ప్రకటనలు ఓ పది చూడండి. అవి అడుగుతున్న ధరలే తప్ప అమ్ముడైన ధరలు కావని గుర్తుంచుకోండి. తర్వాత ఊళ్లో ఉన్న ఒకటి రెండు ఆటో కన్సల్టెన్సీల్లో, పాత వాహనాలు కొనే ఆన్‌లైన్ సంస్థల్లో ఎంతిస్తారో అడగండి. అందులో ఎక్కువ చెప్పిందే మీ నేల. అంతకు తగ్గాల్సిన పనిలేదు.

ఈ నేల తెలిస్తే మనసు కుదుటపడుతుంది. ఉదాహరణకు స్కూటర్‌కు కన్సల్టెన్సీ 42 వేలు ఇస్తానందనుకోండి. నేరుగా అమ్మితే 48 వేలు వస్తాయని మీ ఆశ. మధ్యలో ఉన్న ఆరు వేలే మీరు పడబోయే అవస్థకు కూలి. దానికి రెండు ఆదివారాలు ఇవ్వొచ్చు. ఆరు ఆదివారాలు ఇస్తే ఆదివారానికి వెయ్యి రూపాయలు. వారమంతా ఆఫీసు చేసి, సెలవు రోజున ముక్కూమొహం తెలియనివాళ్లకు సీటెత్తి డిక్కీ చూపించడానికి ఆ వెయ్యి చాలా? ఎవరి లెక్క వాళ్లది. కానీ ‘ఇన్ని వారాల్లో అమ్ముడుపోకపోతే కన్సల్టెన్సీకి ఇచ్చేద్దాం’ అని ఇంట్లో ముందే అనుకోవాలి.

మూడు ప్రశ్నల జల్లెడ

ఫోన్ చేసినవాళ్లందరికీ ఒకే మర్యాద, ఒకే మూడు ప్రశ్నలు. ‘ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారండీ? చూడటానికి ఎప్పుడు రాగలరు? డబ్బు చేతిలో ఉందా, ఫైనాన్స్ తీసుకుంటారా?’ కొనాలనుకున్నవాళ్లు వీటికి జవాబు చెప్పడానికి వెనుకాడరు. కాలక్షేపానికి చేసినవాళ్లు రెండో ప్రశ్నకే నసుగుతారు.

‘లాస్ట్ ఎంత’ అంటే కోప్పడక్కర్లేదు. ‘ప్రకటనలో ధర ఉందండీ. బండి చూశాక నచ్చితే మాట్లాడుకుందాం’ అని ఒకటే మాట. మూడుసార్లు అడిగినా అదే మాట. ఈ జవాబు ఇంట్లో అందరికీ తెలిసుండాలి. లేకపోతే మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఫోన్ చేసి, ‘ఆంటీ, అంకుల్ తగ్గిస్తానన్నారు’ అంటూ ఇంట్లోవాళ్ల దగ్గర కొత్త బేరం పెట్టేవాళ్లుంటారు. వీలైతే ఈ పనికి వేరే నంబరు వాడండి. అమ్మకం అయ్యాక ఆ సిమ్ తీసేస్తే ప్రశాంతత.

రమ్మనేటప్పుడు ఒక్కొక్కరిని ఒక్కో పూట రమ్మంటే వారమంతా ఇంట్లో కాపలా కాయాలి. ఆదివారం పది నుంచి పన్నెండు వరకు అని ఒకే వేళ పెట్టి అందరినీ రమ్మనండి. ఒకరు చూస్తుండగా ఇంకొకరు రావడం బండికి మంచిదే. ‘ఈ మోడల్ ఎవరూ కొనడం లేదు’ అనే దళారీ నోరు దానంతటదే మూతపడుతుంది. బయల్దేరే ముందు ఫోన్ చేయమనండి. ఆ ఫోన్ వచ్చాకే లొకేషన్ పంపండి. ఫోన్ రాకపోతే మీరు టిఫిన్ మానుకుని కిందికి దిగాల్సిన పనిలేదు.

చూపించే చోటు అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో, దగ్గర్లోని పెట్రోలు బంకు దగ్గరో ఉంటే మంచిది. పెద్దవాళ్లు మాత్రమే ఉన్నప్పుడు ఇంటికి రప్పించొద్దు.

తాళం చేతికిచ్చే ముందు...

టెస్ట్ రైడ్ అడగడం కొనేవాళ్ల హక్కు. లైసెన్స్ చూడటం మీ బాధ్యత. మొహమాటపడి లైసెన్స్ లేనివాళ్లకు తాళం ఇస్తే, మోటారు వాహనాల చట్టం 180వ సెక్షన్ కింద ఓనర్‌కు 5 వేల రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. 2019లో చేసిన సవరణతో జరిమానా ఇంత పెరిగింది. కారైతే పక్క సీట్లో కూర్చోండి. టూ వీలరైతే వెనక ఎక్కండి. లేదంటే ఆయన వచ్చిన బండి, దాని తాళం మీ దగ్గర ఉంచుకోండి. ‘ఒక్క రౌండు వేసొస్తా’ అని వెళ్లి మాయమైనవాళ్ల కథలు పోలీస్ స్టేషన్లకు కొత్త కాదు.

మెకానిక్‌ను తెచ్చుకుంటానంటే కాదనకండి. డబ్బు ఖర్చుపెట్టి మెకానిక్‌ను తెచ్చుకునేవాళ్లు సాధారణంగా కొనేవాళ్లే. సర్వీస్ సెంటర్‌లో చెక్ చేయిద్దామన్నా సరే అనండి, ఆ ఫీజు వాళ్లదే అని ముందే చెప్పండి. ఖర్చు మాట వినగానే విహారులు విడిపోతారు.

‘రేపు’ గారికి మందు బయానా. ‘తప్పకుండా మీకే ఉంచుతామండీ. వెయ్యో రెండు వేలో బయానా ఇచ్చి వెళ్లండి. ఫలానా తేదీ సాయంత్రం వరకు ఎవరికీ ఇవ్వం’ అనాలి. గడువు దాటితే బయానా తిరిగివ్వాలో వద్దో కూడా అప్పుడే కాగితం మీద రాసుకోవాలి. బయానా ఇవ్వకపోతే మీరూ మాటిచ్చినట్టు కాదు. ముందు వచ్చినవాళ్లదే బండి.

ఏడో రకం

మోసగాడిని పట్టించే గుర్తు, బేరమాడకపోవడం! అడిగిన ధరకు వెంటనే ఒప్పుకుంటాడు. బండి చూడటానికి రాడు. ఆర్మీలోనో పారామిలిటరీలోనో పనిచేస్తున్నానని గుర్తింపు కార్డు ఫొటో పంపిస్తాడు. బదిలీ మీద వెళ్తున్నా, బండిని మనవాళ్లు వచ్చి తీసుకెళ్తారు, డబ్బు ఇప్పుడే పంపిస్తా అంటాడు. తర్వాత ఓ క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు.

ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాల్సిన మాట ఒక్కటే. డబ్బు మనకు రావడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. ‘పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి పంపండి’ అంటూ స్క్రీన్‌షాట్ పెట్టడం ఇంకో ఎత్తు. స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. బ్యాంకు ఖాతాలో పడిందో లేదో మీరే చూసుకోవాలి. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

నెమ్మదస్తులు వేరు

అయితే, ఆలస్యం చేసే ప్రతివారినీ కాలక్షేపం బాపతు అనుకోకూడదు. చీటీ పాడిన డబ్బుతో కూతురికి కాలేజీకి వెళ్లడానికి స్కూటీ కొందామని వచ్చే తండ్రి ఉంటాడు. ఒకే సంగతి మూడుసార్లు అడుగుతాడు. మొదట తాను చూసి, తర్వాత బావమరిదిని తెచ్చుకుంటాడు, ఆపై అమ్మాయిని తీసుకొస్తాడు. ఆ యాభై వేలు ఆయనకు ఏడాది పొదుపు. మన బండి ఎలాంటిదో మనకు తెలుసు, ఆయనకు తెలియదు. భయపడటం ఆయన తప్పు కాదు.

ఇద్దరికీ తేడా ఎలా తెలుస్తుంది? వాళ్లు అడిగే ప్రశ్నల్లోనే. కాలక్షేపానికి వచ్చినవాళ్లు ధర ఒక్కటే అడుగుతారు. కొనడానికి వచ్చినవాళ్లు కాగితాలు అడుగుతారు. బీమా ఎప్పటిదాకా ఉంది, ఫైనాన్స్ తీరిందా, పేరు మార్పించడానికి మీరు సంతకాలకు వస్తారా అంటారు. అలాంటివాళ్లకు ఇంకో అరగంట ఇవ్వడం నష్టం కాదు. కాస్త ధర తగ్గించాలనుకుంటే అదీ వీళ్లకే తగ్గించండి.

అలసట తెచ్చే ముప్పు

కాలం వృథా చేసేవాళ్ల వల్ల పోయేది కాలం ఒక్కటే అయితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. నాలుగు వారాలు విసిగి వేసారిన మనిషి ఐదోవారం వచ్చినవాడికి బండి ఇచ్చేసి ‘హమ్మయ్య’ అనుకుంటాడు. డబ్బు చేతిలో పడిందిగా, పేరు ఆయనే మార్పించుకుంటాడులే అని ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చేస్తాడు. అసలు ప్రమాదం అక్కడ ఉంది.

పేరు మారనంత కాలం చట్టం దృష్టిలో ఓనర్ మీరే. చలాన్లు మీకే వస్తాయి. ప్రమాదం జరిగితే నోటీసూ మీకే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చి చెప్పింది. ఒకాయన 2007లో కారు అమ్మేశాడు. అది చేతులు మారుతూ వెళ్లింది. రిజిస్ట్రేషన్ మాత్రం మారలేదు. 2009లో ఆ కారు ఢీకొని ఓ పిల్లవాడు చనిపోయాడు. బండి ఎవరి చేతిలో ఉన్నా, రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాడే ఓనర్, పరిహారం బాధ్యత ఆయనదేనని కోర్టు చెప్పింది. బాధితులు ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగకూడదన్నది అందులోని న్యాయం.

కాబట్టి చివరి రోజు చేయాల్సినవి తొందరపడకుండా చేయండి. ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30 పూర్తిగా నింపాకే సంతకం పెట్టాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లోగా మార్పించుకోవాలి. ఫైనాన్స్ ఉండి తీరితే ఫారం 35, సంస్థ ఇచ్చిన ఎన్‌వోసీతో ఆర్సీలో ఆ పేరు ముందే తీయించుకోవాలి. డెలివరీ నోట్‌లో తేదీతోపాటు గంట, నిమిషం కూడా రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. ఆ సాయంత్రం సిగ్నల్ జంప్ చేసింది ఎవరో తేల్చేది ఆ కాగితమే. కొన్నవాళ్ల గుర్తింపు కార్డు ప్రతి, ఆర్సీ ప్రతి దాచుకోండి. డబ్బు బ్యాంకు ద్వారా తీసుకోవడం మంచిది. 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

కారైతే ఫాస్టాగ్ మూసేయండి. లేదంటే వాళ్ల తిరుపతి ప్రయాణానికి టోలు మీరు కట్టాల్సి వస్తుంది. బీమా సంస్థకు అమ్మిన సంగతి చెప్పండి. క్లెయిములు చేయకుండా సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ మీది, బండిది కాదు. ఆ మేరకు లెటరు తీసుకుంటే కొత్త బండి బీమాలో వాడుకోవచ్చు.

కన్సల్టెన్సీకి ఇచ్చేవాళ్లకూ ఒక మాట. వాళ్లు ఇంకొకరికి అమ్మేదాకా బండి మీ పేరు మీదే ఉండిపోవడం ఇన్నాళ్లూ పెద్ద తలనొప్పి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం రవాణా శాఖ అనుమతి పత్రం ఉన్న డీలరుకు బండి అప్పగించి, ఆ సంగతి ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే అప్పటినుంచి బాధ్యత డీలరుదే. అందుకే అనుమతి పత్రం ఉందా అని అడిగాకే తాళం ఇవ్వండి.

చివరగా, బండి వెళ్లిపోగానే ప్రకటన తీసేయండి. లేకపోతే మరో ఆరు నెలలపాటు ‘ఉందా?’ అని అడుగుతూనే ఉంటారు. అప్పుడు వాళ్ల కాలం వృథా చేసినవాళ్లు మీరవుతారు!